మొదటి రోజే ఎముక గురించి చెప్పండి: రొమ్ము క్యాన్సర్ డాక్టర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేస్తున్న డాక్టర్లందరికీ నమస్కారం.

నేను డాక్టర్‌ని కాను. గోదావరి పక్కన ఒక ఊళ్ళో డిగ్రీ పిల్లలకి బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. మీ పనిలో తప్పులు వెతకాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఓపీలో మీరు రోజుకి ఎంతమందిని చూస్తారో వరండాలో గంటలు గంటలు కూర్చున్నదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు. కానీ ఒక విషయం మీతో సూటిగా చెప్పాలి, అది మీ గదిలో కూర్చుని రెండు నిమిషాల్లో చెప్పేది కాదు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా పెద్దమ్మ ఫైలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. 2017లో రొమ్ములో గడ్డ క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి చివరి దాకా కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. ఈ మధ్య ఒక ఆదివారం కూర్చుని మొదటి కాగితం నుంచీ చదివాను. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, కీమో చార్టులు, కరెంటు (రేడియేషన్) పెట్టిన రోజుల లెక్క, ఆ తర్వాత మూడు నెలలకోసారి వెళ్ళినప్పుడల్లా ఆడ హార్మోన్‌ని తగ్గించే లెట్రోజోల్ మాత్ర రాసిచ్చిన చీటీలు. మొదటి నాలుగేళ్ళ కాగితాల్లో ఎక్కడా ఎముక అన్న మాట లేదు. కనీసం క్యాల్షియం బిళ్ళ రాసిన చీటీలో కూడా అది ఎందుకో లేదు. ఆ మాట మొదటిసారి కనిపించేది తొడ ఎముక విరిగాక, ఎమర్జెన్సీలో రాసిన కాగితం మీద.

2021 వేసవిలో పెద్దమ్మకి నడుం నొప్పి మొదలైంది. పగలు పనిచేసుకుంటుంటే ఓర్చుకునేది, రాత్రి పడుకుంటేనే ఎక్కువయ్యేది, పక్క మీద లేచి కూర్చుని తెల్లారేదాకా గోడకి ఆనుకుని ఉండేది. దగ్గర్లో ఎముకల డాక్టర్‌కి చూపించాం. ఎక్స్‌రే తీసి, గుజ్జు అరిగింది, వయసు కదా అని బెల్టు ఇచ్చి, నొప్పి మాత్రలు రాశారు. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే మేం ఊపిరి పీల్చుకున్నాం. ఎముకలో దాదాపు మూడోవంతు నుంచి సగం దాకా ఖనిజం కరిగిపోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో ఆ మచ్చ కనిపించదని మాకెవరూ చెప్పలేదు. ఆ మధ్యలోనే ఒకసారి క్యాన్సర్ హాస్పిటల్‌కి చెకప్‌కి కూడా వెళ్ళాం. అక్కడ రొమ్ము చూశారు, చంకలో బిళ్ళలు ఉన్నాయేమో చూశారు, అంతా బాగుంది అన్నారు. పెద్దమ్మ నడుం నొప్పి సంగతి చెప్పలేదు. బయటికొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఇది రొమ్ము డాక్టర్ గారికి చెప్పేది కాదు కదే, నడుం నొప్పి" అంది.

అయిదు నెలల తర్వాత ఒక పొద్దున వంటింటి గడప దాటుతూ కాలు వేసింది, తొడ ఎముక విరిగింది. కింద పడలేదు. విరిగాకే పడింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం సగమే నిజం అవుతుంది. అదే ఏడాది నేను మూడో సంవత్సరం పిల్లలకి ఎంజైముల పాఠం చెబుతున్నాను. ప్రోటీన్‌ని కోసే ఎంజైముల్ని ప్రోటియేజ్‌లు అంటాం. మా ఇళ్ళల్లో ముదురు మాంసం ఉడకకపోతే పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా, ఆ బొప్పాయి పాలలో ఉండే పపైన్ ఒక ప్రోటియేజ్, మాంసంలోని ప్రోటీన్‌ని కోస్తుంది కాబట్టే ముక్క మెత్తబడుతుంది. ఆ పపైన్ కుటుంబానికే చెందిన ఎంజైము ఒకటి మన ఎముకల్లో ఉంది, దాని పేరు కాథెప్సిన్ కె అని బోర్డు మీద రాసి బొమ్మ గీశాను. పాత ఎముకని తీసేసే ఆస్టియోక్లాస్ట్ కణాలు దాన్ని ఎలా వాడతాయో, రొమ్ము క్యాన్సర్ కణాలు ఆ పనివాళ్ళని ఎలా మళ్ళించుకుంటాయో పిల్లలకి చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి పెద్దమ్మ నడుముకి నొప్పి మందు పూశాను. ఆ రెండూ ఒకటే సంగతని నాకు తట్టలేదు. చదువుకున్న నాకే తట్టనిది ఆవిడకి ఎలా తడుతుంది? అందుకే ఈ భారం ఇంట్లోవాళ్ళ మీద వదలొద్దని మిమ్మల్ని అడుగుతున్నాను.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ ఉత్తరం పేషెంట్ల ఇళ్ళల్లో వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఎముకలో జరిగేదేమిటో నాకు చేతనైనట్టు చెబుతాను. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల రికార్డులు ముందేసుకుని, ఈ జబ్బు రక్తం ఎక్కడికి తీసుకుపోతే అక్కడల్లా మొలవదు, కొన్ని చోట్లనే ఎంచుకుంటుంది అని గమనించాడు. విత్తనం ఎంత ముఖ్యమో నేల అంత ముఖ్యం అన్నాడు. వ్యవసాయం తెలిసిన ఇళ్ళల్లో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ ముదిరి చనిపోయిన వారిలో పదిమందికి సుమారు ఏడుగురి ఎముకల్లో ఆ విత్తనం దొరుకుతుంది. వెన్నుపూసలు, పక్కటెముకలు, కటి ఎముకలు, తొడ ఎముక పైభాగం, అంటే ఎర్ర మూలుగ ఎక్కువగా ఉండే చోట్లన్నీ దానికి ఇష్టమైన నేల.

కానీ నేల దాకా చేరాలంటే ముందు రొమ్ములోంచి బయటపడాలి. పాలగొట్టాల చుట్టూ పల్చటి పొర ఒకటి ఉంటుంది, కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో నాలుగో రకంతో అల్లిన వల లాంటిది. క్యాన్సర్ పాకడం అంటే ముందు ఆ వలకి చిల్లు పడటమే. ఆ చిల్లు పెట్టే కత్తెరల్లో ముఖ్యమైనవి మ్యాట్రిక్స్ మెటలోప్రోటియేజ్‌లు, వాటిని క్లుప్తంగా ఎంఎంపీలు అంటాం, మనుషుల్లో ఇరవైకి పైగా రకాలున్నాయి. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 ఆ నాలుగో రకం కొల్లాజెన్‌ని కోస్తాయి. ఎంఎంపీ-2 మొదట మూత పెట్టిన కత్తెరలా నిద్రాణంగా ఉంటుంది, కణం పైపొర మీద ఉండే ఎంఎంపీ-14 ఆ మూత తీస్తుంది. యూరోకైనేజ్ అని ఇంకొకటి, అది ప్లాస్మినోజెన్‌ని ప్లాస్మిన్‌గా మార్చి అడ్డం వచ్చిన అల్లికని కరిగిస్తుంది. ఈ కత్తెరలన్నీ క్యాన్సర్ కణమే తయారుచేస్తుందని మొదట్లో అందరూ అనుకున్నారు. 1990లో స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఒక కొత్త ఎంఎంపీని పట్టుకుంటే, అది తయారవుతున్నది క్యాన్సర్ కణాల్లో కాదు, వాటి చుట్టూ ఉన్న మామూలు కణాల్లో. ఇప్పుడు దాన్ని ఎంఎంపీ-11 అంటున్నాం. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఒంట్లోని మంచి కణాలు తమకి తెలియకుండానే దారి చేసి పంపిస్తున్నాయి.

ఎముకలో కూడా ఇదే కథ, ఇంకా ఘోరంగా. క్యాన్సర్ కణం మూలుగలోకి చేరాక ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉండొచ్చు. హార్మోన్ పాజిటివ్ రకంలో, అంటే ఆడ హార్మోన్ల వల్ల పెరిగే రకంలో, అయిదేళ్ళ మాత్రలు అయిపోయాక కూడా, ఇరవయ్యో ఏడు దాకా, తిరగబెట్టే ముప్పు పోదని 2017లో వచ్చిన పెద్ద విశ్లేషణ చూపించింది. లేచిన రోజున ఆ కణం ఎముకని తానే కొరకదు. పీటీహెచ్ఆర్‌పీ లాంటి సంకేతాలు పంపుతుంది, ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలు ఆ సంకేతం విని ర్యాంక్-ఎల్ అనే ప్రోటీన్ ఎక్కువ తయారుచేస్తాయి, ర్యాంక్-ఎల్ పెరిగితే ఆస్టియోక్లాస్ట్‌లు పుట్టుకొస్తాయి. మామూలుగా దానికి పగ్గం వేసే ప్రోటీన్ ఒకటుంది, ఆస్టియోప్రొటెజెరిన్. ఆ పగ్గాన్ని తెంపడంలో కూడా ప్రోటియేజ్‌ల చెయ్యి ఉంది. ఎముకకి పాకే రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎంఎంపీ-1, అడామ్‌టీఎస్-1 అనే రెండు ప్రోటియేజ్‌లు కలిసి, కణం పైన అతుక్కుని ఉన్న కొన్ని వృద్ధి కారకాల్ని, అంటే కణాల్ని పెరగమని చెప్పే ప్రోటీన్లని, కోసి బయటికి వదులుతాయి, అవి ఆస్టియోబ్లాస్ట్‌ల దగ్గరికి వెళ్ళి ఆస్టియోప్రొటెజెరిన్ తయారీని తగ్గిస్తాయి. అమెరికాలో ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2009లో ఇది చూపించారు.

ఇక పగ్గం లేని ఆస్టియోక్లాస్ట్ ఎముకని అంటిపెట్టుకుని కూర్చుంటుంది, కింద ఒక చిన్న గుంటని చుట్టూ మూసేసి అందులోకి ఆమ్లం వదులుతుంది, ఖనిజం కరుగుతుంది, లోపలి కొల్లాజెన్ తాళ్ళు బయటపడతాయి. వాటిని కాథెప్సిన్ కె తెంపుతుంది. ఆమ్లంలోనే బాగా పనిచేసే కత్తెర అది, ఆ గుంట దానికోసమే తయారైనట్టుంటుంది. ఎముకలో ఆ కొల్లాజెన్‌తో పాటు టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్ లాంటి వృద్ధి కారకాలు ఎన్నో ఏళ్ళుగా దాచిపెట్టి ఉంటాయి, తాళ్ళు తెగగానే అవి బయటపడి పక్కనే ఉన్న క్యాన్సర్ కణాలకి ఎరువవుతాయి. మేత దొరికిన కణాలు ఇంకా ఎక్కువ పీటీహెచ్ఆర్‌పీ పంపుతాయి. మన ఎముకల్ని రోజూ బాగుచేసే పనివాళ్ళ చేతనే ఎముకని తినిపిస్తుంది ఈ జబ్బు. కంచే చేను మేయడం అంటే ఇదే.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఎముక విరగడం ఈ కథలో చివరి మెట్టు. కత్తెరలు పనిచేయడం మొదలుపెట్టిన చాలా కాలానికి నొప్పి వస్తుంది, నొప్పి వచ్చిన చాలా కాలానికి ఎక్స్‌రేలో మచ్చ వస్తుంది, ఆ తర్వాత విరుగుతుంది. పెద్దమ్మ విషయంలో ఎముక గురించిన మాట ఆ చివరి మెట్టు మీద మొదలైంది. అది ఒక్క హాస్పిటల్ పొరపాటు అనుకుని సరిపెట్టుకుందామని చూశాను. తర్వాత ఈ జబ్బు వచ్చినవాళ్ళని, నా దగ్గరికొచ్చే పిల్లల తల్లుల్ని, మా వీధిలో ఇద్దర్ని, కాలేజీలో తోటి లెక్చరర్ అక్కని అడిగాను. అందరికీ గడ్డ గురించి చెప్పారు, జుట్టు ఊడుతుందని చెప్పారు, చెయ్యి వాస్తుందని చెప్పారు. ఎముక గురించి ఎవరికీ చెప్పలేదు.

ఇదే ఆలస్యం పరిశోధనలోనూ జరిగింది. 1990లలో ఎంఎంపీలని ఆపే మందుల మీద ప్రపంచమంతా ఆశ పెట్టుకుంది. బ్రిటిష్ బయోటెక్ తయారుచేసిన మారిమాస్టాట్ నోటితో వేసుకునే మాత్ర, ఎలుకల్లో గడ్డలు పాకడం తగ్గించింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఎక్కువగా జబ్బు ముదిరిపోయిన వాళ్ళ మీద పరీక్షించారు. రొమ్ము క్యాన్సర్ అప్పటికే ఒళ్ళంతా పాకి, కీమోతో కాస్త అదుపులో ఉన్న స్త్రీలకి ఇచ్చిన ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. మందు వల్ల లాభం కనిపించలేదు, పైగా కీళ్ళు, కండరాలు నొప్పులతో పట్టేశాయి. గోడకి కన్నం పడకుండా ఆపాల్సిన మందుని, దొంగ ఇంట్లో కాపురం పెట్టాక ఇచ్చారు. పైగా అది మంచీ చెడూ చూడకుండా చాలా ఎంఎంపీల్ని ఆపేసేది. వాటిలో ఎంఎంపీ-8 లాంటివి క్యాన్సర్‌ని అడ్డుకునే వైపు ఉన్నాయని తర్వాత ఎలుకల్లో తేలింది. అంటే మందు శత్రువుతో పాటు మన మనిషిని కూడా కొట్టింది. ఆ ట్రయల్స్ వరసగా విఫలం అవడంతో కంపెనీలు తప్పుకున్నాయి, డబ్బు తప్పుకుంది, ఎంఎంపీ మాట ఎత్తితే ఆ అధ్యాయం ముగిసింది అనే మాట వినిపించడం మొదలైంది.

నాకు అది ముగిసినట్టు అనిపించదు. కాథెప్సిన్ కె సంగతే చూడండి. దాన్ని ఆపే ఒడానకాటిబ్ అనే మాత్రని మెర్క్ కంపెనీ ఎముకలు గుల్లబారే జబ్బు కోసం తయారుచేసింది. ఎముకకి పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకి నాలుగు వారాలు ఇచ్చి చూస్తే, ఎముక అరుగుదలని చూపించే మూత్రపరీక్షలో ఎన్‌టీఎక్స్ అంకె, ఎముక అరగకుండా ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు తగ్గినంతగా తగ్గింది. ఆ మందుని 2016లో వదిలేశారు, గుల్ల ఎముకల పెద్ద ట్రయల్‌లో పక్షవాతం ముప్పు పెరిగిందని. వదిలేయడం సరైన నిర్ణయమే, ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్ళకి ఆ ముప్పు ఇవ్వకూడదు. కానీ గురి తప్పు కాదు, మందు తప్పు. 2012లో మెల్‌బోర్న్ పరిశోధకులు కాథెప్సిన్ బి ఒక్కదాన్ని ఆపే పదార్థం ఇచ్చి ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ ఎముకకి పాకడాన్ని తగ్గించారు. ఎలుక మనిషి కాదు, ఆ తేడా మారిమాస్టాట్ నేర్పింది. అయినా ఒక్కో కత్తెరని విడిగా, ముందుగా, సరైన మనుషుల్లో ఆపితే ఏమవుతుందనే ప్రశ్నకి ఇంతవరకు సరైన జవాబు రాలేదు.

మీలో కొందరు పరిశోధన కమిటీల్లో కూర్చుంటారు, ట్రయల్స్ నడుపుతారు, పీజీ పిల్లల చేత థీసిస్‌లు రాయిస్తారు. మీకు నా విన్నపం ఇది. తొడ ఎముక విరిగి రాడ్ వేసే ప్రతి ఆపరేషన్‌లోనూ క్యాన్సర్ పట్టిన ఎముక ముక్క బయటికి వస్తుంది. బయాప్సీకి పంపగా మిగిలింది చెత్తలోకి పోతుంది. పేషెంట్ ఒప్పుకుంటే దాన్ని భద్రపరచండి, అందులో ఏ ప్రోటియేజ్‌లు పనిచేస్తున్నాయో చూడండి. పెద్దమ్మని అడిగి ఉంటే తప్పకుండా ఇచ్చేది, ఎవరికైనా పనికొస్తుందంటే ఆవిడ దేనికీ కాదనలేదు. మన ల్యాబుల్లో ఇప్పటికే చేస్తున్న సీటీఎక్స్ రక్తపరీక్ష ఉంది కదా, ఆ పరీక్ష కొలిచే తునక కాథెప్సిన్ కె కొల్లాజెన్‌ని తెంపినప్పుడు రాలే తునకే. లెట్రోజోల్ మీద ఉన్న మన ఆడవాళ్ళలో ఆ అంకె ఏళ్ళ తరబడి ఎలా మారుతుందో, ఎవరికి ఎముకకి పాకిందో వరసగా రాసిపెట్టే అధ్యయనం ఒకటి మన దగ్గర మొదలుపెట్టండి. అలాగే యూరోకైనేజ్, దాన్ని ఆపే పీఏఐ-1, ఈ రెండూ చంకలోకి పాకని రొమ్ము క్యాన్సర్‌లో ఎవరికి తిరగబెట్టే ముప్పు ఎక్కువో చెప్పగలవని యూరప్‌లో గట్టిగా తేలింది, 2007లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ కూడా ఒప్పుకుంది. దానికి తాజాగా గడ్డకట్టించిన కణజాలం కావాలి, ఫార్మలిన్‌లో వేసింది పనికిరాదు, ఆ ఇబ్బంది వల్లే అది పక్కనపడింది. ప్రోటియేజ్‌ల కథలో చిన్న ఇబ్బందుల వల్ల పక్కనపడినవి ఇలా చాలా ఉన్నాయి.

సరే, కొత్త మందులు ఎప్పుడొస్తాయో. ఇప్పుడు చేతిలో ఉన్నదాని సంగతి మాట్లాడదాం. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పేరా ఇదే.

జోలెడ్రోనిక్ యాసిడ్ ఏ కత్తెరనీ నేరుగా ఆపదు, కత్తెర పట్టుకున్న ఆస్టియోక్లాస్ట్‌నే పడుకోబెడుతుంది. ఎముకకి పాకిన తర్వాత మీరందరూ అదే రాస్తారు. కానీ పాకకముందే ఇస్తే ఏమవుతుందో 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 18,766 మంది స్త్రీల లెక్కలు కలిపి చూసిన విశ్లేషణ. నెలసరి ఆగిపోయిన వాళ్ళలో ఈ రకం మందులు తీసుకుంటే పదేళ్ళలో ఎముకకి పాకడం 8.8 శాతం నుంచి 6.6 శాతానికి, రొమ్ము క్యాన్సర్ వల్ల చనిపోవడం 18 శాతం నుంచి 14.7 శాతానికి తగ్గింది. నెలసరి ఇంకా వస్తున్నవాళ్ళలో ఆ లాభం కనిపించలేదు. అంటే నెలసరి ఆగినవాళ్ళలో నూటికి ముగ్గురి ప్రాణాలు. చిన్న అంకె అనిపించొచ్చు. మన దేశంలో ఏటా దాదాపు 1.9 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోందని 2022 అంచనా, అందులో నెలసరి ఆగినవాళ్ళు ఎంతమందో, వాళ్ళల్లో నూటికి ముగ్గురంటే ఎన్ని ఇళ్ళో మీరే లెక్క వేయండి. 2017లో అమెరికా, కెనడా క్యాన్సర్ సంస్థలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెప్పాయి, ఇలాంటి స్త్రీలతో ఈ మందు గురించి మాట్లాడండి అని, ఆరు నెలలకోసారి 4 మిల్లీగ్రాములు, మూడు నుంచి అయిదేళ్ళ పాటు. మా పెద్దమ్మకి జబ్బు తెలిసింది ఆ 2017లోనే. వయసు 58, నెలసరి ఆగి ఏడేళ్ళు, హార్మోన్ పాజిటివ్, చంకలో రెండు బిళ్ళల్లో క్యాన్సర్. పైగా లెట్రోజోల్ తనంతట తానే ఎముకల్ని గుల్లచేస్తుంది, ఆ ఒక్క కారణానికైనా ఎముక సాంద్రత పరీక్ష చేయించి ఈ మందు ఆలోచించాల్సింది.

ఆ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఆవిడ ఎముక విరిగేది కాదని నేను అనడం లేదు. లాభం పొందే ఆ కొద్దిమందిలో ఆవిడ ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ మాట మాతో అని ఉండాల్సింది. కిడ్నీలు బాగున్నాయో లేదో చూడాలి, పళ్ళ డాక్టర్‌కి ముందే చూపించుకోవాలి, లేకపోతే దవడ ఎముకకి ఇబ్బంది రావచ్చు, క్యాల్షియం, విటమిన్ డి సరిపడా ఉండాలి, ఇవన్నీ చెప్పి వద్దనుకుంటారా కావాలా అని అడిగి ఉండాల్సింది. ఖరీదు సంగతి అంటారేమో, కీమోకి పెట్టిన ఖర్చు ముందు ఏడాదికి రెండు జోలెడ్రోనిక్ ఇంజెక్షన్లు మా ఇంటికి బరువయ్యేవి కావు.

పాకిన తర్వాత కూడా, దూరాల నుంచి వచ్చేవాళ్ళకి మీరు తేలిక చేయగలిగినవి ఉన్నాయి. నెలనెలా ఇచ్చే జోలెడ్రోనిక్‌ని పన్నెండు వారాలకోసారి ఇచ్చినా ఎముకలు విరగడం లాంటి ఇబ్బందులు పెరగవని 2017లో పెద్ద ట్రయల్ చూపించింది. ఇబ్బందులేవీ లేని ఎముక నొప్పికి ఒకే ఒక్క రోజు 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) కరెంటు పెడితే, పది రోజులు పెట్టినంతగా నొప్పి తగ్గుతుందని ఎప్పుడో తేలింది, కాకపోతే కొందరికి రెండోసారి పెట్టాల్సి రావచ్చు. అందరికీ కుదరదని నాకు తెలుసు, ఎవరికి కుదురుతుందో నిర్ణయించేది మీరే. కానీ రాడ్ వేసిన కాలుతో, వెన్నులో నొప్పితో, కారు వెనక సీటులో దిండ్ల మీద పడుకోబెట్టి రెండున్నర గంటలు ప్రయాణం చేయించి వెన్నుకి పది రోజులు తిప్పాం మేము. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆవిడ నా చెయ్యి పట్టుకునేది. ఒకరోజుతో అయ్యే వీలుందా అని అడగొచ్చని కూడా మాకు తెలియదు.

ఇంకొక్క మాట, ఇది కూడా ప్రోటియేజ్‌ల సంగతే. ఎముకకి పాకిందని తెలిశాక బంధువు ఒకాయన, ఎవరో చెప్పారని, ఎంజైమ్ క్యాప్సూల్స్ డబ్బా తెచ్చాడు. బొప్పాయి ఎంజైమ్, అనాస ఎంజైమ్ కలిపినవట, క్యాన్సర్ ప్రోటీన్‌ని కరిగించేస్తాయట, ఇవి వేసుకుంటే హాస్పిటల్ మాత్రలు అక్కర్లేదట. ఆ రోజు మాత్రం నా చదువు పనికొచ్చింది. మింగిన ఎంజైము ఎముక దాకా వెళ్ళి క్యాన్సర్‌ని వెతికి కరిగిస్తుందనడానికి ఆధారం లేదని, అసలు ఎముకని తినేస్తున్నది ఆ కుటుంబం ఎంజైమే అని చెప్పి డబ్బా పక్కన పెట్టించాను. నాలాంటి మనిషి లేని ఇంట్లో ఆ క్యాప్సూల్స్ వచ్చాక లెట్రోజోల్ ఆగిపోతుంది. మీరు అడిగితే తప్ప అది మీకు తెలియదు, ఎందుకంటే మీరు తిడతారని దాస్తారు. దయచేసి తిట్టకుండా అడగండి.

నేను అందరికీ ఏటా బోన్ స్కాన్లు చేయమని అడగడం లేదు. నొప్పి, ఇబ్బంది ఏమీ లేనివాళ్ళకి ఊరికే స్కాన్లు తీస్తూ పోతే ప్రాణాలు నిలబడవని, భయం, ఖర్చు మాత్రం పెరుగుతాయని నాకు తెలుసు. నేను అడిగేది చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న: "ఒంట్లో ఎక్కడైనా ఎముక నొప్పి ఉందామ్మా, రాత్రిళ్ళు నిద్ర పట్టనిస్తోందా?" చెయ్యి రొమ్ము మీదా చంకలోనూ పెట్టి చూసేటప్పుడే వెన్నుపూసల మీద కూడా ఒకసారి తట్టి చూడండి. రోజులు గడిచినా తగ్గని నొప్పి అంటే ఎక్స్‌రేతో ఆపేయకుండా బోన్ స్కానో ఎమ్మారైయో రాయండి. ఎముకల డాక్టర్లకి, ఊళ్ళల్లో ఉండే ఆర్‌ఎంపీలకి కూడా ఈ మాట మీ నోటి నుంచే వెళ్ళాలి, రొమ్ము ఆపరేషన్ అయిన ఆడమనిషి నడుం నొప్పితో వస్తే, పదేళ్ళ కిందటి ఆపరేషన్ అయినా సరే, బెల్టు ఇచ్చే ముందు మాకొక ఫోన్ చేయండి అని.

ఆపరేషన్ అయ్యి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మా ఇళ్ళల్లో దాన్ని ఎవరూ చదవరు, ఫైల్లో పెట్టేస్తారు. దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, నాలుగు వాక్యాలు అచ్చు వేయించి అంటించండి. నేను రాసి పెడుతున్నాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి.

"ఈ జబ్బు నయమైన తర్వాత కూడా, ఎన్నేళ్ళకైనా ఎముకల్లోకి రావచ్చు. నడుం, తుంటి, పక్కటెముకలు, తొడ, ఎక్కడైనా నొప్పి రెండు వారాలు దాటి తగ్గకపోతే, ముఖ్యంగా రాత్రి పడుకున్నప్పుడు ఎక్కువైతే, అది వయసు నొప్పి అనుకోకుండా మాకు చెప్పండి. కాళ్ళు బలహీనపడినా, మొద్దుబారినా, ఉచ్చ ఆగిపోయినా లేక తెలియకుండా కారిపోతున్నా, ఆ రోజే, అర్ధరాత్రి అయినా, హాస్పిటల్‌కి రండి. నెలసరి ఆగిపోయినవారు ఎముకలకి ఇచ్చే ఇంజెక్షన్ మీకు అవసరమా అని డాక్టర్‌ని అడగండి."

పెద్దమ్మ తెలుగు బాగా చదివేది. రోజూ పొద్దున్నే పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి కానీ వంటింట్లోకి వెళ్ళేది కాదు. ఆ నాలుగు వాక్యాలు ఫైలు మీద ఉండి ఉంటే చదివేది, నొప్పి వచ్చిన మూడో వారం నన్ను పిలిచి చూపించేది.

ఇట్లు,
ఆవిడ చెల్లెలి కూతురు